అక్రోటు పొర

ఆ ఏడాది అక్రోట్లు తొందరపడి రాలాయి. జూలై ఇంకా అయిపోనేలేదు. పొద్దున తలుపు తీసేసరికి పెరట్లో తడిగడ్డి మీద పచ్చటి కాయలు నోరు తెరుచుకుని పడి ఉండేవి. వాటిని ఏరడం నాన్న పని. పెంకు పగలగొట్టి, పప్పు మీది పొర ఒలవడం మా ఆడవాళ్ల పని. పచ్చి అక్రోటు పొర ఉల్లిపొర కన్నా పల్చన. పప్పుదీ దానిదీ ఇంచుమించు ఒకటే రంగు. గోటితో అంచు లేపి, తెగకుండా లాగాలి. ఏ మడతలోనైనా మిగిలిపోతే, ఆ పప్పుతో చేసిన నొగాద చేదెక్కుతుంది.

మేకపాల చీజూ పాలూ కలిపి నూరిన ఆ తెల్లటి నొగాద కోసమే ఆగస్టు ఆదివారాల్లో ఎక్కడెక్కడి వాళ్లో మా ఊరికి వస్తారు. పెద్ద మిరపకాయను కాల్చి, పొట్ట చీల్చి, అందులో కైమా, పీచ్, బేరి, ఆపిల్ ముక్కలు కూరి, గుడ్డు నురగలో ముంచి వేయించి, పైన నొగాద పోసి, దానిమ్మ గింజలు చల్లి పెడతాం. ఆ నెలలో ప్రతి ఇంటి ముంగిలీ ఒక హోటలే. మిగతా ఏడాదంతా మా వీధిలో గాడిదలు కూడా నెమ్మదిగా నడుస్తాయి.

వసారాలో గంపల మధ్య ముగ్గురం కూర్చుని ఒలుస్తున్నాం. నాయనమ్మ, అమ్మ, నేను. కాయల పసరుకి మా వేళ్లు అప్పుడే నల్లబడ్డాయి.

"ఆ పప్పుని అంత లాలించక్కర్లేదు రెమేదియోస్. అదేం నీ పుట్టింటి పిల్ల కాదు," అంది నాయనమ్మ.

"సరే అత్తయ్యా," అంది అమ్మ.

"నియెవెస్‌ని చూసి నేర్చుకో. దీనికి నోరివ్వకపోయినా దేవుడు వేళ్లిచ్చాడు," అంది నన్ను చూపిస్తూ.

"సరే అత్తయ్యా."

అమ్మది ప్వేబ్లా నగరం. పెళ్లయి ఈ ఇంటికొచ్చి ఇరవయ్యేళ్లు దాటినా నాయనమ్మకి ఇంకా కొత్త కోడలే. అమ్మ పుట్టింట్లో మిరపకాయను గుడ్డు నురగలో ముంచరు. కాల్చినదాన్ని కాల్చినట్టే కూరి వడ్డిస్తారు. పెళ్లయిన ఏడాది అమ్మ అలా ఒకటి చేసి పెట్టిందట. నాయనమ్మ పళ్లెం వైపు చూసి, "పాపం, దీనికి బట్టలు తొడగడం మరిచిపోయావే పిల్లా," అందట. ఆ మాట ఊరంతా పాకింది. ఆ తరవాత అమ్మ ఆ వంటింట్లో "సరే అత్తయ్యా" తప్ప మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. తరగడం, ఒలవడం, వేయించడం అమ్మవి. రుచి చూసే కొయ్య చెంచా మాత్రం నాయనమ్మది. పొయ్యి పక్క మేకుకి వేలాడేది. ఊరంతా మర్యాదగా దోన్యా త్రీనీ అని పిలిచే నాయనమ్మ ఆ చెంచా నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఆఁ" అంటేనే మా ముంగిట్లో వడ్డన మొదలయ్యేది. ఆ "ఆఁ" వినడానికి కూడా కొందరు వచ్చేవాళ్లు.

మా ఎదురిల్లు దోన్యా చబేలాది. నాయనమ్మతో కలిసి పెరిగిన మనిషి. ఒకప్పుడు ఊళ్లో వీళ్లిద్దరి నొగాదల్లో ఏది మేలని పెళ్లిళ్లలో వాదించుకునేవాళ్లు. కిందటేడు నుంచి ఆవిణ్ణి కూతుళ్లు వంటింట్లోకి రానివ్వడం లేదు. కుట్టుపని జాకెట్టు తొడిగి, జడల్లో రిబ్బన్లు కట్టి, గుమ్మం పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లు ఆవిడ పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు.

ఒకరోజు సంత నుంచి దానిమ్మపళ్లు మోసుకొస్తూ నాయనమ్మ, నేను అక్కడ ఆగాం.

"ఏం చబేలా, కునుకు తీశావా?"

"కునుకు కాక ఇంకేముంది త్రీనీ? లోపలికెళ్తే 'అమ్మా, అలసిపోతావు' అంటారు. అదిగో, నా పెద్దకూతురు కైమాలో దాల్చినచెక్క కుమ్మరిస్తోంది. ఇక్కడికి కొడుతోంది వాసన."

నాయనమ్మ తల కాస్త ఎత్తి గాలి పీల్చింది. నేనూ పీల్చాను. దాల్చినచెక్క ఘాటు వీధంతా ఉంది.

"వెళ్లి చెప్పరాదూ," అంది నాయనమ్మ.

"చెప్తే వింటారు. విని ముద్దు పెట్టుకుని మళ్లీ ఇక్కడే కూర్చోబెడతారు."

నాయనమ్మ గబగబా ఇంటి దారి పట్టింది. గుమ్మంలో మాత్రం ఆగి, ఊరి వెనక పొగలు కక్కుతున్న కొండను చూసింది. ఆ అగ్నిపర్వతాన్ని మేం దోన్ గోయో అని పిలుస్తాం, ఇంటి పెద్దాయన పేరులా.

"నన్నలా గుమ్మంలో బొమ్మని చేసి కూర్చోబెట్టిన రోజున, నియెవెస్, నేరుగా వెళ్లి దోన్ గోయో నోట్లో దూకుతాను. చెప్పలేదనుకునేవు."

"అంత దూరం నడవలేవులే నాయనమ్మా."

"గాడిద మీద వెళ్తాను."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

అప్పటికే నేను కొన్ని చూసి ఉన్నాను. నాయనమ్మ పీచ్ పండును ముక్కు దగ్గర పెట్టుకుని, దించి, మళ్లీ పెట్టుకుని, చివరికి తొడిమ దగ్గర వేలితో నొక్కి చూసి గంపలో వేసేది. ఇదివరకు వాసన చూసి, సంచీలో ఉన్నదాన్ని కూడా పండిందీ పండనిదీ చెప్పేది. చలికాలంలో పెద్ద జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ వడ్డించిన కంచాల్ని వదిలి మా మొహాలు చూసేది. "ఎలా ఉంది?" అని అడిగేది కాదు. నాన్న రెండోసారి పెట్టించుకుంటే పొయ్యి దగ్గరికి వెళ్లి మరో చిటికెడు ఏమీ వేయకుండా మూత పెట్టేది. పెట్టించుకోకపోతే ఉప్పు డబ్బా తీసేది.

ఒక సాయంత్రం నేను పెరట్లో నుంచి వస్తుంటే మాడు వాసన కొట్టింది. నాయనమ్మ పొయ్యి ముందే, కైమా బాణలి పక్కనే నిలబడి ఉంది. ఒక చేత్తో ఎండుద్రాక్షలు ఏరుకుంటూ, నాకు వినపడేలా పాత పెళ్లిపాట ఏదో తీస్తోంది. నేను వెళ్లి బాణలి దించాను. అడుగంతా నల్లగా అంటుకుపోయింది.

ఆవిడ పాట ఆపింది. బాణలి వంక చూసింది, నా వంక చూసింది.

"కొండ పొగ కదా ఇవాళ," అంది. "ఆ గంధకం వాసనలో ఇంకేం తెలిసి చస్తుంది."

ఆ రోజు దోన్ గోయో నిమ్మళంగా ఉన్నాడు. నేను పైపైనున్న కైమా వేరే గిన్నెలోకి తీసి, బాణలి నానబెట్టాను.

ఆగస్టు మొదటి ఆదివారం అనుకున్నదానికన్నా జనం వచ్చారు. మధ్యాహ్నానికి నేను ఒలిచిన పప్పు అయిపోయింది. పక్కింటి ఎల్వీరా అత్త తన దగ్గర ఒలిచిన పప్పుందని ఒక గిన్నె పంపింది. అమ్మ పెరట్లో మిరపకాయలు వేయిస్తోంది, నేను బల్లలు తుడుస్తున్నాను. నాయనమ్మే ఆ పప్పు నూరింది. చీజు కలిపింది, పాలు పోసింది. మట్టిగిన్నె రెండు చేతులా పట్టుకుని ముంగిట్లోకి తెచ్చింది.

రాజధాని నుంచి వచ్చినవాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నాయనమ్మ కొయ్య చెంచాతో కొంచెం తీసుకుంది. కళ్లు మూసుకుంది.

"ఆఁ," అంది. "ఇక పెట్టండి."

చప్పట్లు కొట్టారు.

మొదటి పళ్లెం నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్దాయనకి ఇచ్చాను. పక్కన భార్య. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. తరవాత మర్యాదగా మింగి, రొట్టె ముక్కతో ఆ తెల్లటి ముద్దను పళ్లెం అంచుకి నెట్టడం మొదలుపెట్టాడు. భార్య ఆయన మోకాలు తట్టింది.

నేను లోపలికెళ్లి నూరిన రాతి మీద మిగిలినదాన్ని వేలితో తీసి నాకాను. నాలుక ముడుచుకుపోయింది. పొరలు సగం ఒలవనే లేదు ఎల్వీరా అత్త.

అమ్మ అట్లకాడతో గుమ్మంలో నిలబడి నా మొహం చూస్తోంది. అడగకుండానే వచ్చి తనూ వేలు పెట్టి చూసింది. ఇద్దరం తలుపులోంచి బయటికి చూశాం. నాయనమ్మ బల్లల మధ్య నిలబడి, ఎర్రజుట్టు పిల్ల ఒకర్తికి దానిమ్మ ఎలా కొయ్యాలో చెప్తోంది. "కత్తితో పొడవకు తల్లీ, అదేం నీ శత్రువా? చుట్టూ గీత గీసి విరువు."

అమ్మ ఒక్క మాట అంటే చాలు. అందరూ ఉన్నారు. ఫోన్లు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. "అత్తయ్యా, ఇది చేదుగా ఉంది, మీకు తెలియలేదా?" అంటే చాలు. అబద్ధం కూడా కాదు.

అమ్మ అట్లకాడ గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని బయటికి వెళ్లింది. బల్ల మీంచి మట్టిగిన్నె ఎత్తుకుంది. నాలుగడుగులు వేసింది. గిన్నె చేతుల్లోంచి జారి రాళ్ల మీద పడింది.

ముంగిలంతా తెల్లగా చిందింది. ఎవరో "అయ్యో" అన్నారు.

"చేతులా, మొద్దులా అవి?" అంది నాయనమ్మ. "ఇంత పప్పు! రెమేదియోస్, ఇరవయ్యేళ్లలో ఒక గిన్నె పట్టుకోవడం కూడా నేర్చుకోలేదే నువ్వు?"

"నూనె చేతులు అత్తయ్యా. జారింది." అమ్మ పెద్దాయన వైపు తిరిగింది. "ఆ పళ్లేలు కూడా ఇటివ్వండి సార్. పెంకు ముక్కలు ఎగిరి పడ్డాయేమో. కొత్తది పోసిస్తాను."

ఆయన ప్రాణం లేచొచ్చినట్టు పళ్లెం ఇచ్చేశాడు.

మా కుక్క సోంబ్రా బల్ల కిందినుంచి వచ్చింది. పాలచుక్క వాసనకే గోడ దూకే కుక్క. తెల్లటి ముద్దను ఒకసారి నాకింది. తల విదిలించి, ఇంకోసారి వాసన చూసి, తిరిగి బల్ల కిందికి వెళ్లి పడుకుంది.

నాయనమ్మ ఏదో అనబోయి కుక్కను చూసింది. చాలాసేపే చూసినట్టుంది. తరవాత శాలువా భుజం మీదికి లాక్కుని లోపలికెళ్లింది.

కొత్త నొగాదకి పప్పు లేదు. అక్రోట్లు ఉన్నాయి, ఒలిచినవి లేవు. నేను గంప తెచ్చి ముంగిట్లోనే కూర్చున్నాను. ఎర్రజుట్టు పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంకెవరో వచ్చారు. చివరికి నల్లకళ్లద్దాల పెద్దాయన కూడా అద్దాలు తీసి జేబులో పెట్టుకుని పొర ఒలుస్తున్నాడు. నాయనమ్మ మళ్లీ బయటికొచ్చేసరికి ముంగిలంతా నల్లవేళ్లే.

"అయ్యా, మీరు ఆఫీసులో ఏం చేస్తారో గానీ ఆ పని బాగా చేస్తూ ఉండి ఉంటారు," అంది ఆయన ఒలిచినదాన్ని వెలుగులో పెట్టి చూస్తూ. "ఈ పని మాత్రం వదిలెయ్యండి."

ఆయన భార్య అంతగా నవ్వడం ఆ పూట అదే మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నం మేం నలుగురం భోజనానికి కూర్చున్నాం. నాన్న మిరపతోట నుంచి వచ్చి చేతులు కడుక్కున్నాడు. నాయనమ్మ బీన్స్ వడ్డించింది. అమ్మ రొట్టె ముంచి తింది.

"అత్తయ్యా," అంది. "ఇందులో ఉప్పు వేశారా? లేకపోతే డబ్బాకి దండం పెట్టి ఊరుకున్నారా?"

నాన్న రొట్టె నోటి దగ్గరే ఆగిపోయింది.

నాయనమ్మ మెల్లగా తలెత్తింది. "ఏమన్నావూ?"

"ఉప్పు లేదన్నాను."

"ఎవరడిగారు నిన్ను?"

"నా నాలుక అడిగింది."

నాయనమ్మ లేచి, డబ్బా తెచ్చి, గిన్నెలో ఉప్పు వేసి, గరిటె గట్టిగా తిప్పింది. "ఇదిగో! మీ నగరం నాలుకలకి సముద్రం పోసినా చాలదు!"

"ఇప్పుడు సరిపోయింది," అంది అమ్మ, ఏమీ జరగనట్టు.

భోజనం అయ్యాక నాన్న నన్ను పెరట్లోకి పిలిచాడు. "మీ అమ్మకి ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది నాన్నా."

"మరి ఇదేమిటి?"

"నాకేం తెలుసు," అన్నాను.

ఆ వారమంతా అలాగే సాగింది. "ఈ పీచ్ ఇంకో రెండు రోజులు పడుకోవాలి, లేపకండి అత్తయ్యా." "ఇది దాల్చినచెక్కా, పొయ్యిలోకి కట్టెలా?" అమ్మ కూరలు తరుగుతూ, నీళ్లు తోడుతూ, ఎటో చూస్తూ అనేది. నాయనమ్మ గయ్యిమనేది. గయ్యిమంటూనే పీచ్ పక్కన పెట్టేది, దాల్చినచెక్క తీసేసేది. ఇద్దరి అరుపులు వీధిలోకి వినిపించేవి. చబేలా కుర్చీ మా ఇంటి వైపు కాస్త జరుపుకుంది.

ఒక మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే ఒలుస్తుంటే నాయనమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక పప్పు తీసుకుంది. పొర లాగింది.

"నియెవెస్, ఆ రోజు సోంబ్రా నొగాద ఎందుకు వదిలేసింది?"

"కడుపు నిండి ఉంటుంది."

"కుక్కకా?"

నేను తల దించుకుని ఒలిచాను. ఆవిడ ఇంకో పప్పు తీసుకుంది.

"మీ అమ్మకి నోరొచ్చింది," అంది చివరికి.

"వచ్చింది."

"ఇన్నేళ్లూ ఎక్కడ దాచిందో." లేస్తూ నా మోకాలి మీద చెయ్యి వేసి బరువు మోపింది. "గొంతు మాత్రం బాగా లేదు. కీచుగా ఉంటుంది."

ఆ సాయంత్రం దానిమ్మ విరిచినప్పుడు ఎర్రగా మగ్గిన సగం అమ్మ ముందు పెట్టింది. అమ్మ గింజలు రాల్చుకుని తింది.

తరవాతి ఆదివారం జనం మాటల కోసం కూడా వచ్చారనిపించింది. నాయనమ్మ చెంచా నోట్లో పెట్టుకుంటే అమ్మ గుమ్మంలోంచి అనేది, "చక్కెరకి ఏమైనా అప్పు పడ్డామా అత్తయ్యా, అంత భయపడుతూ వేశారు?" నాయనమ్మ బల్లల వైపు తిరిగి, "చూశారా నా బతుకు!" అనేది. అందరూ నవ్వేవాళ్లు. నవ్వుల మధ్య ఒక చిటికెడు చక్కెర గిన్నెలో పడేది. అప్పుడు "ఆఁ".

ఆ రోజే ఒక కుర్రవాడు అమ్మను అడిగాడు. వాళ్ల అమ్మమ్మది కూడా ప్వేబ్లానేనట. "మిరపకాయను గుడ్డు నురగలో ముంచడం సరైనదా, ముంచకపోవడం సరైనదా చెప్పండి. మా ఇంట్లో ఏటా ఇదే గొడవ."

నాయనమ్మ పొయ్యి దగ్గర వీపు చూపించి నిలబడి ఉంది. గరిటె తిరగడం ఆగింది.

"మా పుట్టింట్లో ముంచరు," అంది అమ్మ. "అది బాగుంటుంది. ఈ ఇంట్లో ముంచుతాం." పళ్లెం అతని ముందు పెట్టింది. "చల్లారక ముందు తిను బాబూ."

గరిటె మళ్లీ తిరిగింది.

చివరి ఆదివారం వాన పడింది. పడి తెరిపిచ్చాక ముంగిట్లో బల్లలు తుడిచాం. నెలంతా పొగలో నిలబడి అమ్మకి గొంతు పట్టేసింది. పొద్దుటి నుంచీ తలకి గుడ్డ కట్టుకుని, సైగలతోనే పని చేస్తోంది. అక్రోట్లు అవే ఆఖరు. పొర పప్పుకి అతుక్కుపోయి, ఇక గోటికి లొంగడం లేదు. ఒక్క గిన్నెకి సరిపడా మాత్రం నేను ఒలిచి పెట్టాను.

నాయనమ్మ నూరింది. గిన్నె ముంగిట్లోకి తెచ్చింది. ఫోన్లు లేచాయి. కొయ్య చెంచా ముంచి ఎత్తింది.

నోట్లో పెట్టుకోలేదు. చెంచా గాలిలో పట్టుకుని నిలబడింది. అమ్మ గుమ్మంలో గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఉంది. ఏదో అనబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

అందరూ ఎదురు చూస్తున్నారు. చబేలా కూడా వీధికి అవతల మెడ సాచింది. నాయనమ్మ ఎవరినీ చూడలేదు. చెంచా కింద అరచెయ్యి పట్టి, చుక్క పడకుండా, తడిరాళ్ల మీద చిన్న చిన్న అడుగులు వేస్తూ గుమ్మం దాకా వెళ్లింది. చెంచా అమ్మ నోటి దగ్గర పెట్టింది.

"ఏమే," అంది, నాకూ అమ్మకీ తప్ప ఎవరికీ వినపడకుండా. "ఇవాళ నాతో పోట్లాడవా?"

అమ్మ నోరు తెరిచింది. కళ్లు మూసుకుంది.

తరవాత రెండు వేళ్లు దగ్గరగా పెట్టి, చిటికెడు చూపించింది. పెదవులతో "ఉప్పు" అంది.

నాయనమ్మ ముంగిలి వైపు తిరిగింది. "విన్నారా?" అని అరిచింది. "గొంతు పోయినా నోరు మాత్రం పోలేదు దీనికి! నియెవెస్, ఆ ఉప్పు ఇలా తే!"